అతిథుల పెట్టె

ఎనభై నాలుగు యూరోలు.
పోయిన నెల కాఫీ, యాలకుల బన్నులు అమ్మితే
క్లబ్బు డబ్బాలో మిగిలింది అంతే.
దాంతో ఆరుగురు అతిథుల
పన్నెండు కళ్లకీ పన్నెండు చెవులకీ
నేను పూచీ పడాలి.

పాత పెట్టె తెరిచాను.
గీతలు, ఎవరివో వేలిముద్రలు, విరిగిన కాడ ఒకటి.
ఆ అద్దాల్లోంచి చూస్తే
మిట్టమధ్యాహ్నం కూడా పొగమంచే.
చెవి డొప్పల మెత్తలు ఎండి, పగిలి
నిరుటి రొట్టె పెచ్చుల్లా ఒళ్లో రాలాయి.
ఇన్నాళ్లూ వచ్చినవాళ్లకి ఇవేనా ఇచ్చాం?
మన తుపాకులకి మాత్రం వారం వారం నూనె.

రేయో కొట్టుకి వెళ్లాను.
వేట సామాన్ల అరలో ఒక్కో జత డెబ్బై,
మీద దుప్పి కొమ్ముల బొమ్మ.
"ఇందులో బొమ్మకెంత, డొప్పకెంత?" అన్నాను.
రేయో మాట్లాడకుండా వెనక గదికి నడిచాడు
రంపాలూ గొడ్డళ్లూ ఉండే చోటికి.
అడవిలో చెట్లు కొట్టేవాళ్ల డొప్పలు,
కంట్లో పొడిచే నారింజ రంగు.
అట్ట మీద డెసిబెల్ అంకె మాత్రం అదే.
ధర తొమ్మిది.

కళ్లద్దాలు నాలుగేసి యూరోలు.
కాడలు సన్నగా ఉన్నవే ఏరాను.
లావు కాడ మెత్త కింద సందు చేస్తుంది,
చప్పుడికి ఆ సందే వీధి వాకిలి.
రెండు జతలు వెడల్పువి,
చూపు అద్దాలున్నవాళ్లు పైన పెట్టుకోడానికి.
చలువ కళ్లద్దాలు చాలవా అని
ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.
కాలిన తూటా గొట్టం ఎగిరొచ్చి తగిలితే
అందంగా పగలడం తప్ప వాటికేం తెలుసు?
చివరికి అయిదు యూరోల నురుగు బిళ్లలు,
డొప్ప కింద ఇంకో తలుపు.

తైస్తో గొణిగాడు:
"గంటసేపు ఉండేవాళ్లకి ఇంత హంగామానా?"
ఆయనకి డెబ్బై ఆరు.
ఆయన కాలంలో చెవుల్లో దూది, అదీ గుర్తుంటే.
ఇప్పుడు మంచు నడుంలోతు పడ్డా
ఆయన తలలో కీచురాళ్లు మానవు.
ఏప్రిల్‌లో చిత్తడినేల మీదికి
బూడిదరంగు కొంగలు తిరిగొస్తాయి.
ఆయన మెడెత్తి చూస్తాడు, తర్వాత నన్ను:
"అరుస్తున్నాయా?"
తలూపుతాను.
నీకు పోయింది ఎన్ని గంటల్లో, తైస్తో?
అడగలేదు.

శనివారం కంకర గుంట దగ్గర ఆరుగురు.
తొమ్మిదేళ్ల పిల్లకి పట్టీ చివరి మెట్టుకి దించినా
డొప్పలు బుగ్గల మీదికి జారుతున్నాయి.
నా ఉన్ని టోపీ మడిచి
నడినెత్తిన, పట్టీ కింద పెట్టాను.
నిలిచాయి.

ఆఖరున యూసో, వాళ్లక్క హెల్కాతో.
పుట్టినప్పట్నుంచీ వినపడదట.
డొప్పలు చాచిన నా చెయ్యి
మధ్యలో ఆగిపోయింది, సిగ్గుతో.
అతను నవ్వి వాటిని పక్కన పెట్టాడు.
కళ్లద్దాలు మాత్రం ఒక్కొక్కటీ తీసి
ఆకాశానికి ఎత్తి, తిప్పి, వంచి,
సంతలో గుడ్లు ఎంచే మనిషిలా
చాలాసేపు చూశాడు.
ఒకటి తేల్చుకుని
అద్దం మీద వేలితో తట్టాడు,
అదే వేలితో చెవి మీద.

అప్పుడు ఫోన్‌లో రాసి చూపించాడు:
"ఆపమంటే నాకెలా తెలుస్తుంది?"

అంకెలన్నీ చూశాను, కాడలు కొలిచాను.
ఇదొక్కటి నా లెక్కలో లేదు.
పైగా, అందరికీ చెవులు మూసేశాక
నా కేక ఎవరికి చేరుతుంది?

తైస్తో లేచాడు.
యూసో వెనక నిలబడి
కుడి భుజం మీద ఒకసారి తట్టాడు: కాల్చు.
రెండుసార్లు: ఆపు.
మళ్లీ రెండుసార్లు, గట్టిగా,
మర్చిపోకు అన్నట్టు.
తర్వాత పెట్టెలో మిగిలిన
ఆ నారింజ డొప్పలు తీసి తనే పెట్టుకున్నాడు.
"దొంగలు పడ్డ ఆర్నెల్లకి!" అన్నాడు
అవసరానికి మించి గట్టిగా.

సాయంత్రం అన్నీ సబ్బునీళ్లతో తుడిచి
మెత్తగుడ్డలో చుట్టి సర్దాను.
పద్దు పుస్తకంలో రాశాను:
మిగులు ఒక యూరో.
కింద, వచ్చే నెలకి,
ఎర్ర గుడ్డ రెండు మీటర్లు,
జెండా కర్ర ఒకటి.