స్టాకు రిజిస్టరు

పదకొండేళ్ళు ఆ బీరువా తాళంచెవి
నా మొలతాడుకే ఉండేది.
ప్రతి మార్చి నెలాఖర్నా హెడ్మాస్టరు చదివేవారు,
నేను చూపించేవాణ్ణి.
గ్లోబు – ఒకటి.
మైక్రోస్కోపు – ఒకటి, డబ్బాతో సహా.
పుస్తకాలు – నాలుగువందల పన్నెండు.
అద్దంలోంచే వెన్నులు లెక్కపెట్టేవాళ్ళం.
పోయినవి లేవు. చిరిగినవి లేవు.
"నీలాంటి అటెండరు జిల్లాలో లేడు దాలయ్యా" అనేవారు.
ఆ మాట ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి,
పండుగప్ప చవగ్గా దొరికినట్టు.

చెదలు పట్టకుండా కలరా ఉండలు వేసేవాణ్ణి.
పిల్లలు పట్టకుండా ఏం వేశానో
రిజిస్టర్లో ఎక్కడా రాయలేదు.

మంగళవారం ఏ సెక్షనుకి ల్యాబు.
బెంచీ తుడిచి, ఉల్లిపొర తీసి పెట్టేవాణ్ణి.
బీ సెక్షనుకి టైంటేబుల్లో పెన్సిలుతో
"తీరిక చూసి" అని ఉండేది.
పెన్సిలు రాత కదా, ఎప్పుడు చెరిగిందో తెలీదు.

బీ సెక్షనంటే జీడిపిక్కల ఇళ్ళ పిల్లలు.
కాశీబుగ్గ వెనకవీధుల్లో
తెల్లారకముందే అమ్మ పక్కన కూచుని పిక్కలు కొట్టి
బడిగంటకి పరుగున వచ్చేవాళ్ళు.
జీడి నల్లన బూడిదకి పోదు, సబ్బుకి పోదు.
తోలు ఊడితే పోతుంది.

బొడ్డ దమయంతి కిటికీ ఊచల్లోంచి అడిగింది,
"బాబూ, ఆ గోళం ఓపాలి తిప్పి సూడొచ్చా?"
"చేతులు కడుక్కుని రా."
వచ్చింది. చాపింది.
"మళ్ళీ కడుక్కో."
బోరింగు చప్పుడు నాలుగుసార్లు విన్నాను.
ఐదోసారి వినపడలేదు.

మా అమ్మ చేతులు గుర్తుకు రాలేదా అంటే,
వచ్చాయి.
అందుకే అంత గట్టిగా అన్నాను.

ఆ ఏడు ఇన్‌స్పెక్షనొచ్చింది, పుస్తకం ఒకటి తీయమన్నారు.
అట్ట చేతికొచ్చింది. లోపల మట్టి.
పక్కది తీశాను, మట్టి.
బీరువా వెనక చెక్కలోంచి దారి చేసుకుని
చెదలు ఎన్నేళ్ళుగా చదువుతున్నాయో!
వాటిని ఏ సెక్షనని ఎవరూ అడగలేదు.

మట్టి ఎత్తిపోస్తుంటే గుమ్మంలోంచి దమయంతి,
"జీడినూనె రాస్తే సెక్కకి సెద పట్టదు గదా బాబూ,
మా ఇంటి దూలాలకి పట్టనేదు."
మర్నాడు సీసాతో తెచ్చింది.
పుల్లకి గుడ్డ చుట్టి, అరలన్నీ తనే రాసింది,
నల్లటి వేళ్ళతో, నల్లటి నూనె.
నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను.
ఆ సాయంత్రం తాళంచెవి విప్పి
బీ సెక్షను గదిలో మేకుకి తగిలించాను,
వాళ్ళకి అందే ఎత్తులో.

నేను రిటైరైన మార్చిలో రాయించిన లెక్క ఇది.
గ్లోబు – ఒకటి. సముద్రాల మీద నల్ల వేలిముద్రలు.
మైక్రోస్కోపు – ఒకటి. డబ్బా ఎక్కడుందో తెలీదు.
పుస్తకాలు – రెండువందల ఆరు.
చిరిగినవి – చాలా.
పోయినవి – తొమ్మిది.
ఎవరిళ్ళలో ఉన్నాయో నాకు తెలుసు.