తరుగు

ధర్మాబాద్ మార్కెట్ యార్డు వెనక గేటు నుంచి
బాసర రోడ్డు మీది రాయి దాకా
ఆషాఢంలో మొదలుపెట్టాను.
రాయి మీద ఉన్నది మరాఠీ ఒకటి.
కళ్ళలో చెమట. నాకది తొమ్మిదిలా కనబడింది.
ఇంకా తొమ్మిదా అని అక్కడే కూలబడ్డాను.
బర్లను తోలుకుపోతున్న ముసలాయన ఆగి
"ఏమైంది బిడ్డా, ఎవరన్న పోయిన్రా?" అన్నాడు.

పగలు నేను కాంటా దగ్గర కూర్చుంటాను.
మిరప బస్తా ఎక్కుతుంది, అంకెలు కాసేపు వణుకుతాయి,
నిలబడ్డాక రాస్తాను.
గోనెకు కిలో, తడికి కొంత, తొడిమకూ మట్టికీ మరికొంత
తరుగు తీసి, నికరం కింద గీత గీస్తాను.
పదహారేళ్ళుగా ఇదే చెయ్యి.
అదే చేత్తో, అదే పుస్తకం చివరి పేజీల్లో
నా పరుగు రాసుకుంటున్నాను.

శ్రావణంలో మూడు కిలోమీటర్లకు ముప్పై ఒక్క నిమిషం.
దసరా ముందు ఇరవై తొమ్మిది.
ఆ పూట సేమ్యా పాయసం వండి
ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
తర్వాత కొత్త మిర్చి దిగింది.
యార్డంతా ఒకటే ఎర్రటి తుమ్ము.
రాత్రి పదింటిదాకా లారీలు, గొంతులో కారం,
పొద్దున్నే ముప్పై రెండుంబావు.

తరుగు తీయడం నాకు రాని పనా?
ఎదురుగాలికి అర నిమిషం తీశాను.
దుమ్ముకు ఒకటి. చాలని నిద్రకు ఒకటి.
నెలసరికి ఒకటిన్నర, అది న్యాయమే.
చెప్పుకోలేని దిగులుకు ఒక పావు.
నికరం ఇరవై ఎనిమిది!
దసరా నాటి నన్ను నేనే దాటేశాను
కూర్చున్న చోటే, పెన్నుతో.
రైతు చూస్తుండగానే కాంటా మీద
బొటనవేలు ఆనించే సేట్లను చూశాను గానీ
బస్తా తానే, వేలూ తానే అయినదాన్ని
ఇదే చూడటం.

పోలీసు భర్తీకి ఉరికే పోరగాళ్ళున్నారు,
గజానన్, మాధవ్, చిట్మల్వార్ల చిన్నోడు.
పదహారు వందల మీటర్లు ఐదు నిమిషాల్లో కొట్టాలి వాళ్ళు,
లేదంటే మళ్ళీ ఏడాది.
పోతూ నన్ను దాటి, తిరిగి వస్తూ ఎదురై
"కాకూ, హళూ హళూ" అంటారు. దయతోనే.
నేను ఓడితే ఏ గోడ మీదా లిస్టు అంటించరు.
గెలిచినా అంటించరు.
మరి ఎట్లా తెలియాలి?

మొన్న మంగళవారం రైల్వే గేటు పడింది.
నడుము పట్టుకుని నిలబడ్డాను.
బొగ్గు గూడ్సు. చేతి అలవాటు కదా,
డబ్బాలు లెక్కపెడుతున్నాను.
పదకొండో డబ్బా దగ్గర గేటు నాగోరావు
"ఇయ్యాల చలి తక్కువుంది" అన్నాడు.
"తక్కువే. కోడలికి ఎట్లుంది, కాన్పయ్యిందా?" అన్నాను.
అని, నిలిచిపోయాను.
మాట మొత్తం వచ్చింది.
'కోడలికి' దగ్గర తెగి గాలి వెతుక్కోలేదు.
వానకాలంలో ఇదే మనిషి ఇక్కడే పలకరిస్తే
గార్డు డబ్బా కనుమరుగయ్యాక కూడా
చెయ్యి ఊపడమే నా జవాబు.
నాకేదో కోపముందనుకున్నాడట.

రాత్రి పుస్తకం తీశాను.
తేదీకి గడి ఉంది, దూరానికి ఉంది, నిమిషాలకు ఉంది.
పదకొండు డబ్బాలు ఎక్కడ రాయాలి?
గడుల బయట, మార్జిన్లో రాశాను.
తరుగు రాయలేదు.
నాగోరావు ఇంట్లో ఆడపిల్ల పుట్టింది,
అదీ పక్కనే రాశాను, చోటుంది కదా అని.

మర్నాడు గేటు తెరిచే ఉంది.
రైలు లేదు, పలకరించేవాడూ లేడు, లెక్క లేదు.
పట్టాలు దాటాను.
రాయి వచ్చింది.
అలసినప్పుడు ఇప్పటికీ అది తొమ్మిదిలానే ఉంటుంది.
నిజంగా తొమ్మిదే అయ్యుంటే, అనుకుంటూ
దాని పక్కనుంచి పోయాను.