దిండు గలీబు

కెమి ఊళ్లో అగ్నిమాపక కేంద్రం కిటికీలు
పదకొండేళ్లుగా తుడుస్తున్నాను.
అద్దానికి బయట మంచు, లోపల మసి.
బయటిది ఎండొస్తే పోతుంది,
లోపలిదానికి నేను రావాలి.

నా పేరు రాయిలి. మంటల సంగతి నాకు తెలీదు,
గుడ్డల సంగతి తెలుసు.
మెట్ల కమ్మీ తుడిస్తే గుడ్డ మీద గోధుమరంగు: చేతుల జిడ్డు.
కాఫీ బల్ల మీది మరకని బట్టి
రాత్రి డ్యూటీ ఎవరిదో చెప్పగలను.
పై అంతస్తులో, వాళ్లు పడుకునే గదిలో,
మంచం కోళ్ల మీద మాత్రం
కాటుకంత మెత్తటి నలుపు.
ఎన్నడూ అగ్గిపుల్ల గీయని గదిలోకి
ఎవరు తెచ్చారది?

జనవరిలో ఇక్కడ సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
పెద్ద తలుపులు తెరిచి పెడితే
బండి కడుపులో నీళ్లు గడ్డకడతాయి.
మూసి పెడితే, ఇంజన్ తిరిగిన ప్రతిసారీ
డీజిల్ పొగ దారి వెతుక్కుంటుంది.
దారి ఉంది.
గంట మోగగానే జర్రున జారడానికి
నేలకి కోసిన గుండ్రటి కంత, నడుమ ఇత్తడి స్తంభం.
మనుషులు కిందికి దిగుతుంటే
అదే కంతలోంచి పొగ పైకెక్కి
ఇంకా వెచ్చగా ఉన్న పక్కల మీద
పడుకుంటుంది.

తౌనోతో అన్నాను. నవ్వాడు.
"పొగ వాసన లేని ఫైర్‌మన్
ఉప్పు లేని చేప, రాయిలీ."
ఆయన హెల్మెట్ తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాడు,
ముప్పై ఏళ్ల మసి అది, పతకం లెక్క.
కోటు తలాపునే కొక్కానికి వేలాడుతుంది.
కాలిన కొట్టాలూ పడవలూ సోఫాలూ
దాని మడతల్లో ముడుచుకుని
రాత్రంతా ఊపిరి వదులుతాయి,
ఆయన పీలుస్తాడు.
తెల్లవారుజామున ఆ దగ్గు
కింద నా బకెట్ దాకా వినిపిస్తుంది.

ఎవర్నీ అడగలేదు నేను.
ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల గలీబొకటి
కంత చుట్టూ ఉన్న కమ్మీకి రెండు పిన్నులతో తగిలించాను.
పది రోజులు ముట్టుకోలేదు.
పదకొండో రోజు కాఫీ వేళ తెచ్చి
దాల్చినచెక్క రొట్టెల పళ్లెం పక్కన పరిచాను.
సగం తెలుపు, పిన్నులు పట్టిన చోట.
మిగతా సగం గురించి చెప్పను.
కుర్ర వెయ్యో నమలడం ఆపేశాడు.
అధికారి ఓస్మో కిటికీ వైపు చూశాడు,
అది శుభ్రంగానే ఉంది, పొద్దున్నే తుడిచాను.
తౌనో గలీబుని నాలుగు మడతలు పెట్టి
జేబులో పెట్టుకుని
ఏమీ అనకుండా లేచిపోయాడు.

నగర సభకి నా గుడ్డ చాలలేదు.
కొలిచే పెట్టె పట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు,
రెండు రాత్రులు మా మధ్యే పడుకుని
గలీబు చెప్పిన మాటే
దశాంశ స్థానాలతో చెప్పాడు. అప్పుడు నమ్మారు.

ఇప్పుడు కంతకి మూత. దానంతటదే మూసుకుంటుంది.
బండి పొగగొట్టానికి పైనుంచి దిగే పసుపు గొట్టం,
బండి కదిలితే గుమ్మం దాకా కూడా వెళ్లి
అక్కడ చెయ్యి వదిలేస్తుంది,
బడి గేటు దగ్గర మా అమ్మాయి వదిలేసినట్టు,
వెనక్కి చూడకుండా.
నేల మీద ఎర్ర గీత. మసి కోట్లు దాన్ని దాటకూడదు.
ఆ గీత దగ్గర తౌనో
మొదటి నెలంతా గొణిగాడు.
ఒక రాత్రి, చేపల గోదాము కాలిన రాత్రి,
తడిసి ముద్దై వచ్చి గీత ముందు ఆగి
బూట్లు, కోటు, చివరికి హెల్మెట్ కూడా
అవతలే వదిలి
ఉన్ని మేజోళ్లతో ఇవతలికి వచ్చాడు.
హెల్మెట్ లేకపోతే ఇంత చిన్న మనిషా అనిపించింది.
దగ్గు పూర్తిగా పోలేదు. పోదట.

ఈ రాత్రి అందరూ పిలుపు మీద వెళ్లారు.
ఖాళీ షెడ్డులో ఫ్యాను మాత్రం
ఎవరి కోసమో తిరుగుతోంది.
మంచం కోడు తుడిచి గుడ్డ తిప్పి చూశాను.
ఏమీ లేదు.
ఇంకో కోడు తుడిచాను.
గంట పని మిగిలిపోయింది నాకు,
ఏం చెయ్యాలో తోచక
తౌనో పక్క మీద కూర్చుని
ఊరికే
గాలి పీలుస్తున్నాను.