మూడో గేరు

షోరూమ్ కుర్రాడు బుచ్చిబాబు ముందు తెల్లదాన్నే చూపించాడు,
"ఆడోళ్ళకి ఆటోమేటిక్ బాగుంటదండి" అని.
నేను మూలనున్న ఎర్రదాని బానెట్ మీద చెయ్యి వేశాను.
ఏసీ గాలికి చల్లగా ఉంది.
టర్బో, ఆరు గేర్లు, వెనక చిన్న రెక్క.
ఎంతో చెప్పాడు.
ఆ డబ్బుకి భీమవరం టౌన్లో సెంటు స్థలం రాదు,
ఇక్కడైతే నాలుగు చక్రాలొస్తున్నాయి.

నెలకి పదమూడు వేల రెండొందలు, ఐదేళ్ళు.
ఐదేళ్ళంటే మా లెక్కలో పది పంటలు.
అందులో ఎన్ని తెల్లమచ్చకి పోతాయో
బ్యాంకు మేనేజరు అడగలేదు,
నేనూ ఎత్తలేదు.

వెంకయ్య వయ్యేరు గట్టు మీద నా కారు వేగం నలభై.
ముందు గడ్డి ట్రాక్టరు, పక్కన కాలవ నిండా గుర్రపుడెక్క,
తొందరంటే ఏంటో తెలియని గేదెలు.
స్పీడోమీటర్లో రెండొందల ఇరవై దాకా అంకెలున్నాయి.
నలభై దాటినవన్నీ ఇంకా కొత్తవే,
విప్పని చీర మడతల్లాగ.

రామభద్రరాజు గారు చుట్టూ రెండుసార్లు తిరిగారు.
"మేత బస్తాలెన్ని పడతాయమ్మా?"
"రెండండి. సీటు మడిస్తే నాలుగు."
"మరా రెక్కెందుకు?"
"ఊరికేనండి."
"ఆయ్" అన్నారు, అర్థమైనట్టే.

డిక్కీలో చెరువు నీళ్ళ సీసాలు,
ఒక్కోదాని మీద ఒక్కో రైతు పేరు.
మైక్రోస్కోపుకి ముందు సీటు. బెల్టు పెడతాను.
పెట్టకపోతే కారు కూస్తుంది,
అదో మనిషే అనుకుని.

శ్రావణంలో ఓ రాత్రి, రెండూ నలభైకి, ఫోను.
"కరెంటు పోయిందమ్మా, జనరేటరు అందుకోట్లేదు,
రొయ్యలు గట్టుకొచ్చేస్తన్నాయి."
రెండు డబ్బాల ఆక్సిజన్ బిళ్ళలు వెనక సీట్లో పడేసి బయల్దేరాను.

ఉండి దాటాక దారి తిన్నగా పడుతుంది,
ఓ రెండు కిలోమీటర్లు.
ట్రాక్టరు లేదు. గేదె లేదు. వాన వెలిసిన తారు.
రెండులోంచి మూడులో వేసి
పాదం కిందికంటా నొక్కాను.
ఒక్క క్షణం ఏమీ కాలేదు,
బావిలో చేద పడి నీళ్ళు తగిలేముందు ఉండే సందులాగ.
తర్వాత వీపు మీద ఎవరో అరచెయ్యి పెట్టి తోసినట్టు
వెళ్ళిపోయింది బండి.
రెండు పక్కలా చెరువులు, చీకట్లో నల్ల పలకలు,
కిటికీలోంచి ఉప్పు, బురద, పచ్చి వాసన.
అంకెలు ఒక్కొక్కటే వాడకంలోకొచ్చాయి.
గట్టిగా నవ్వాను. బండిలో విన్నది మైక్రోస్కోపే.

గట్టు దారిలో దిగేసరికి
కారు పొట్ట రాయికి గీసుకుంది, పళ్ళు జివ్వుమనేలా.
రాజుగారు లుంగీ ఎగ్గట్టి మొలలోతు నీళ్ళలో ఉన్నారు.
ఆయన ఆ ఒడ్డు, నేను ఈ ఒడ్డు
బిళ్ళలు విసిరాం, గుప్పిళ్ళతో, తెల్లారేదాకా.

సగం బతికాయి.
మిగతా సగం క్రేట్లలో పోసి కాటా వేశారు,
చిన్న కౌంటు, చెప్పిన ధరకే ఇచ్చెయ్యాలి.
"టయానికొచ్చావమ్మా, లేపోతే మొత్తం పోను" అన్నారు.
నేను తల దించుకుని చేతులు కడుక్కున్నాను.
ఉండి దాటిన ఆ రెండు కిలోమీటర్లూ
నాకు రొయ్యలు గుర్తులేవు.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు బండిలో వాసన పోదు.
ఏసుపాదం షెడ్డులో పొట్ట కింద చూసి,
"అమ్మితే సగం కూడా రాదక్కా" అన్నాడు.
అమ్మట్లేదన్నాను.

నిన్న పగలు మళ్ళీ అదే దారి.
ముందు కొబ్బరి డొక్కల లారీ,
పీచు రేగి అద్దం మీద పడుతోంది.
మూడో గేరులోనే, ముప్ఫైలో,
దాని వెనకాలే, హారన్ కొట్టకుండా.