తువ్వాలు కింద

మా నాగూరు తాత చేతికి రెండు భాషలొచ్చు.
ఒకటి అన్నం కలిపేది.
రెండోది తువ్వాలు కింద మాట్లాడేది.

మిర్చి యార్డులో, టిక్కీల మధ్య,
పొద్దున ఏడింటికే కళ్ళు మండించే గాలిలో
కొనేవాడి చెయ్యీ తాత చెయ్యీ
గళ్ళ తువ్వాలు కిందికి దూరేవి.
నాలుగు వేళ్ళు పట్టుకుంటే నాలుగొందలు,
బొటనవేలు సగానికి నొక్కితే యాభై,
అరచేతిలో గోరు గీస్తే
'నీ మొహం, ఇంకాస్త పైకి రా' అని.
పైన మొహాలు మాత్రం
పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనుషుల్లా
వానల గురించి మాట్లాడుకునేవి.

అదే యార్డులో ఇప్పుడు నేను
లాట్ నంబర్లు కొట్టే ఆపరేటర్ని.
నా వేళ్ళకి ఎవరి చెయ్యీ తగలదు.
తేజ, నంబర్ ఫైవ్, తాలు.
తేమ ఎంతో మిషను చెబుతుంది,
రేటు ఎంతో తెర చెబుతుంది,
రైతు జేబులో టింగుమంటుంది.
తాత కాయ విరిచి చెవి దగ్గర పెట్టుకుని
ఆ చప్పుడులో తేమ వినేవాడు.
ఈ మాట మా తమ్ముడు కరీముల్లాకి చెబితే
చెవిలోంచి ఒక బిరడా తీసి
"ఆఁ? ఏంటి?" అన్నాడు.
మళ్ళీ చెప్పలేదు.

నాన్నది ఇంకో తీరు.
నోట్ల కట్టలు లెక్కపెట్టి పెరిగిన వేలు,
ఫోన్లో బొమ్మ జరపాలన్నా
ముందు నాలిక్కి రాసుకుంటాడు.

మొన్న ఫిబ్రవరిలో, సీజను మంచి ఊపు మీదుండగా
మధ్యాహ్నం సర్వర్ పడిపోయింది.
హమాలీలు టిక్కీల మీదే నడుం వాల్చారు.
నాకు క్యారేజి తెచ్చిన తాత వంక
పాత గుమస్తాలిద్దరు చూశారు.
"బాబాయ్, తియ్యి తువ్వాలు."
తాత భుజమ్మీద తువ్వాలు తీశాడు.
నేను ఊపిరి బిగబట్టాను.
మొహం తుడుచుకుని
మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

ఆ సాయంత్రం చుట్టుగుంట దాకా నడుస్తూ అన్నాడు:
"తువ్వాలు ఎందుకనుకున్నావే పిచ్చిదానా, ఎండకా?
రైతు కంటపడకుండా.
వాడి ఏడాదంతా మా రెండు చేతుల మధ్య నలిగేది,
వాడేమో గుడ్డ కదలడం చూస్తూ నిలబడేవాడు.
ప్రత్తిపాడు వైపు మనిషొకడు. పేరు గుర్తే, చెప్పను.
నాకు నాలుగు వేళ్ళిచ్చారు.
వాడికి మూడని చెప్పా.
ఆ ఒక్క వేలూ..." అని ఆగాడు.
రోడ్డు దాటాం. ఆటోవాడు బూతు తిట్టి పోయాడు.
"ఆ ఒక్క వేలుతోనే మీ నాన్న బడి ఫీజు కట్టా."

నా దగ్గరా ఒకటుంది చెప్పాల్సింది. చెప్పేశాను.
తెర మీద రేటు అందరికీ కనబడుతుంది, నిజమే తాతా,
కానీ మా వరసలో కొనేవాళ్ళకో వాట్సాప్ గ్రూపుంది,
పొద్దున ఆరున్నరకే
ఇవాళ ఎంత దాటకూడదో అందులో తేల్చేసుకుంటారు.

తాత నవ్వాడు. సగం నవ్వు, సగం మిరప దగ్గు.
"అయితే తువ్వాలు పోలేదే.
పెద్దదైంది."

రాత్రి ఆనందపేటంతా కరెంటు పోయింది.
మా ఇంట్లో మూడు ఫోన్లు
మూడు మొహాల్ని నీలంగా పట్టుకున్నాయి.
నాన్న ఎవరో వంట చేస్తుంటే చూస్తున్నాడు,
తమ్ముడు ఎవర్నో కాలుస్తున్నాడు,
నేను రేపటి లాట్లు సరిచూస్తున్నాను.
తాత చీకట్లోంచి తడుముకుంటూ వచ్చి
నా పక్కన కూర్చున్నాడు.

నా చేతి మీద తువ్వాలు పడింది.
కింద, ఎండిన కాయ తొక్కలాంటి చెయ్యి
నా వేళ్ళు మూడు పట్టుకుంది,
వదిలింది, మళ్ళీ పట్టుకుంది.
ఎంత? దేనికి?
అడగలేదు. నోరు తెరిస్తే బేరం చెడుతుంది,
అంత మాత్రం నాకూ తెలుసు.
నాకొచ్చినట్టు ఆయన అరచేతిలో గోరుతో గీశాను.

చాలాసేపు ఆలోచించాడు.
ఇంకో వేలు కలిపాడు.

ఏం అమ్మానో ఇప్పటికీ తెలియదు.
కరెంటు వచ్చేసరికి
తువ్వాలు ఆయన భుజమ్మీదే ఉంది,
తమ్ముడు చార్జరు వెతుక్కుంటున్నాడు.