అరవై ఒకటో కిలోమీటరు

ఈ ఊరికి పేరు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది.
పట్టాలు పరుచుకుంటూ వచ్చినవాళ్ళు
ఒక కొయ్య పాతి, తారుతో అంకె రాసి,
ముందుకు పోయారు.
ఆ అంకె కిందే పొయ్యిలు వెలిగాయి, పిల్లలు పుట్టారు,
బడి రిజిస్టరులో స్వగ్రామం దగ్గర
అరవై ఒకటి అని రాసుకున్నారు.

మంగళవారం, శుక్రవారం
మా రొట్టెల పెట్టె ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగేది.
పన్నెండేళ్ళు ఆ తలుపు లాగాను.
పన్నెండేళ్ళూ చలి నన్ను తోసుకుని
ముందు తనే లోపలికొచ్చింది.

మొదట్లో నూట ఎనభై రొట్టెలు దించేదాన్ని.
ఇంజను కూతని రంపాలు మింగేసేవి.
దుంగలు మోసినవాళ్ళ వేళ్ళకి పైన్ బంక,
వాళ్ళిచ్చిన నోట్లకి బంక,
సాయంత్రం లెక్క చూస్తుంటే
ఒక నోటు ఇంకో నోటుని వదిలేది కాదు.
ఎంత తిట్టుకున్నానో!

తర్వాత అడవి దూరం జరిగింది.
రంపాలు దాని వెనక వెళ్ళాయి, రంపాల వెనక మగాళ్ళు,
వాళ్ళ వెనక కుట్టుమిషన్లు, ఊయలలు, ఒక పియానో.
అడవిలోకి పోయే చిన్న లైను పట్టాలు
పాత ఇనుము ధరకి పీక్కుపోయారు.
నోట్లు శుభ్రపడ్డాయి.
పదకొండు రొట్టెలు. ఆరు. రెండు.

ఆ రెండూ ఎర్నా దవీదోవ్నావి.
వోల్గా ఒడ్డున గోధుమ చేల మధ్య పుట్టిన పిల్లని
యుద్ధకాలంలో పశువుల పెట్టెలోంచి
ఇక్కడ మంచులోకి దించారట.
"దిగు అన్నారు, దిగాను," అంటుంది.
అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.
నలభై ఏళ్ళు ఆ చిన్న లైను పాయింట్లు మార్చింది.
ఇప్పటికీ మారుస్తుంది.
మంచు ఊడ్చి, లీవరుకి నూనె రాసి,
బర్చ్ మొక్కల్లోకి దారి సరిచేసి పెడుతుంది.
నవ్వబోయాను ఒకసారి.
ఆమె ముఖం చూసి రొట్టెలు లెక్కపెట్టుకున్నాను.

ఒక్క మనిషికి రెండెందుకని అడిగితే,
"రెండోది చూసుకోవడానికి," అంది.

ఫిబ్రవరిలో కాగితం వచ్చింది:
ఒకటో తారీఖు నుంచి ఇక్కడ బండి ఆగదు.
చెప్పాల్సింది నేనే. నోరు పెగల్లేదు.
కాగితం చేతికిచ్చాను.
కళ్ళద్దాలు లేకుండా చాలాసేపు చదివింది.
"ఆగొద్దన్నారు," అంది, "మెల్లగా పోవద్దన్నారా?"

డ్రైవరు సవేలీ రూల్సు మనిషి.
ఆ మాట చెబితే వినీ విననట్టు టీ తాగాడు.
శుక్రవారం, అరవై ఒకటి దగ్గర పడుతుంటే
బండి నడిచే మనిషంత వేగానికి దిగింది.
ఎందుకని నేనడగలేదు, అతనూ చెప్పలేదు.
గోనెసంచిలో రెండు రొట్టెలు, పావుకిలో టీపొడి
మంచులోకి విసిరాను.

గట్టు మీద ఆమె నిలబడి ఉంది,
పాత యూనిఫాం కోటు, పై గుండీ దాకా పెట్టి.
చేతిలో చుట్టిన పసుపు జెండా.
దారి బాగుంది, పొండి అని.
సంచి వంక చూడనైనా లేదు,
ఆఖరి పెట్టె దాటేదాకా.

మంగళవారం
అంకె రాసిన కొయ్యకి ఖాళీ సంచి వేలాడుతోంది.
ఒళ్ళంతా బయటికి వంచి లాక్కున్నాను.
లోపల రెండు నోట్లు,
ఒకదానికొకటి అంటుకుపోయి.
గోటితో విడదీయబోయి ఆగి, వాసన చూశాను.

ఎనభై ఏళ్ళ మనిషి, కట్టెలు తనే కొట్టుకుంటోంది.

ఆమెకి నేనింకా
పద్నాలుగు రూబుళ్ళ చిల్లర బాకీ.