గట్టు కింద

కోసిన చేలో మోళ్లు చెక్కి
సరుగుడు కర్రలు పాతి గోలన్నారు.
బంతి కాలికి తగిలిందంటే చాలు
మా సువార్త ముందు నాకేసి చూసేది.
నేను అరిచేవాణ్ణి:
కొట్టు! ఎడమకి! అయ్యో, దద్దమ్మా!
ఈలోగా బంతి ఎవరిదో అయిపోయేది.

ఏడుకొండలు మాస్టారు కసురుకోలేదు.
నా పక్కన గొంతుక్కూర్చుని
"మీరు కొబ్బరి దింపుతారు కదండీ,
చెట్టు మీదుండగా కిందనుంచి ఎవడైనా
చెయ్యిక్కడ, కాలక్కడ అంటే ఏం చేస్తారు?"
"కాయ వాడి నెత్తినేస్తానండి" అన్నాను.
ఆయన నవ్వలేదు.
నాకే కాసేపటికి నెత్తి తడుముకోవాలనిపించింది.

ఇవాళ ముమ్మిడివరం వాళ్లతో ఆట.
కాలవ గట్టు దిగి, చేనుకి వీపు పెట్టి
పడవ అంచున కూర్చున్నాను.
ఈల. కేకలు. మళ్లీ ఈల.
ఎవరు గెలుస్తున్నారో
నీళ్లమీది గుర్రపుడెక్కకి తెలిసినంతే నాకూ తెలుసు.
గొంతులోకొచ్చిన కేకని
బీడీ ముట్టించి ఆపుకున్నాను.

బంతి గట్టు దాటొచ్చి దభీమని కాలవలో పడింది.
తెడ్డుతో లాగుతుంటే
వెనకే జారుకుంటూ దిగింది,
మోకాలు గీరుకుని, మొహమంతా బురదతో.
చెప్పాల్సినవి పదున్నాయి.
"నీళ్లు తాగావా?" అన్నాను.
తలూపి, బంతి లాక్కుని
గట్టెక్కేసింది,
నాకేసి చూడకుండానే.